చిప్పు రేటు ఒక్కటే చూసి ప్రాసెసర్ కొనొద్దు: రైజెన్ 5600, ఐ5-12400 అసలు లెక్క

రైజెన్ 5 5600, కోర్ ఐ5-12400. రెండూ 2022లో వచ్చినవే, ఇంటెల్‌ది జనవరిలో, ఏఎండీది ఏప్రిల్‌లో. ఇంత పాత చిప్పుల మీద ఇప్పుడు చర్చ ఏమిటని అడగొచ్చు. 2025 చివర్లో ర్యామ్ ధరలు కొండెక్కాక ఈ రెండింటినీ మళ్లీ లెక్కలోకి తీసుకోవాల్సి వస్తోంది. కారణం ఒక్కటే, రెండూ పాత తరం ర్యామ్ అయిన డీడీఆర్4తో నడుస్తాయి. ఏఎండీ కొత్త సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) ఏఎం5కి కొత్త తరం డీడీఆర్5 తప్ప వేరే దారి లేదు. పాత పీసీలో 16 జీబీ డీడీఆర్4 పెట్టుకుని ఉన్నవాళ్లు దాన్ని పక్కన పడేసి కొత్త ర్యామ్ కొంటే, ప్రాసెసర్ దగ్గర బేరమాడి మిగుల్చుకున్నదంతా అక్కడే పోతుంది.

సికింద్రాబాద్ సీటీసీలో నాలుగు షాపులు తిరిగి కొటేషన్లు పట్టుకొచ్చినా, ఆన్‌లైన్‌లో రేట్లు చూసినా, అందరూ చేసే పని ఒకటే. బెంచ్‌మార్క్ (వేగాన్ని కొలిచే పరీక్ష) స్కోరును చిప్పు ధరతో భాగించి, రూపాయికి ఎక్కువ పాయింట్లు ఇచ్చేది ‘వాల్యూ’ అని తేల్చేస్తారు. ఈ లెక్క తప్పని నేనంటాను. చిప్పు ఒక్కటే డబ్బా మీద పెట్టుకుని ఎవరూ పని చేయరు. భాగించాల్సింది మొత్తం ఖర్చుతో, అది కూడా మీ పనికి సంబంధించిన స్కోరుని.

చేసి చూద్దాం. ఇవి లెక్క కోసం పెట్టుకున్న గుండ్రటి ధరలు, ఈరోజు మార్కెట్ రేట్లు కావు. 5600 పదివేలు, 12400ఎఫ్ (12400లోనే సొంత గ్రాఫిక్స్ లేని రకం) పన్నెండు వేలు అనుకోండి. సినీబెంచ్ ఆర్23 అనే బెంచ్‌మార్క్‌లో, అన్ని కోర్లూ కలిసి పనిచేసే మల్టీకోర్ పరీక్షలో 5600కి సుమారు 11,000, 12400కి సుమారు 12,300 వస్తాయి. చిప్పు ధరతో భాగిస్తే 5600కి రూపాయికి 1.1 పాయింట్లు, 12400ఎఫ్‌కి 1.025. ఏఎండీ ఏడు శాతం పైన ఉంది. ఇప్పుడు బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, పవర్ సప్లై, క్యాబినెట్, గ్రాఫిక్స్ కార్డు కలిపి ఇంకో 45,000 వేయండి. 55,000కి 11,000 అంటే రూపాయికి 0.2. 57,000కి 12,300 అంటే 0.216. ఇంటెల్ ఎనిమిది శాతం పైకొచ్చింది! చిప్పులు మారలేదు, కింద ఉన్న అంకె మారిందంతే.

అయితే ఇంటెల్ గెలిచిందనుకోవద్దు, కథ అక్కడితో అయిపోలేదు. ఆ పీసీ ఆటల కోసమే అనుకోండి. మధ్యరకం గ్రాఫిక్స్ కార్డుతో 1080పీ హై సెట్టింగుల్లో రెండు ప్రాసెసర్లూ దాదాపు ఒకే ఫ్రేమ్‌రేట్ ఇస్తాయి, ఎందుకంటే అక్కడ ఆపుతున్నది గ్రాఫిక్స్ కార్డు. పైన అంకె సమానమైనప్పుడు రెండువేలు తక్కువైనదే గెలుస్తుంది, మళ్లీ ఏఎండీ. ఇంకో సంగతి. మీ దగ్గర ఇప్పటికే రైజెన్ 5 2600తో బీ450 బోర్డు ఉంటే 5600కి అయ్యేది పదివేలే. ఇంటెల్‌కి పన్నెండుకు తోడు బోర్డుకి ఇంకో ఎనిమిది. పది ఒకవైపు, ఇరవై ఒకవైపు ఉన్నప్పుడు పన్నెండు శాతం స్కోరు తేడాకి విలువేముంది?

కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది మీ పని ఎక్కడ ఆగుతోందని. దానికి షాపుకెళ్లక్కర్లేదు. ఇప్పుడున్న పీసీలో మీరు ఎక్కువగా ఆడే ఆట తెరిచి, ఆఫ్టర్‌బర్నర్ లాంటి టూల్‌తో గ్రాఫిక్స్ కార్డు వాడకం చూడండి. అది 95 శాతం పైన నిలకడగా ఉంటే ప్రాసెసర్ మార్చినా ఒరిగేది ఏమీ లేదు. 60, 70 దగ్గర ఊగుతూ ఉంటే, ఫ్రేమ్‌రేట్‌కి పరిమితి పెట్టి లేదని, వీసింక్ (ఫ్రేములను తెర వేగానికి కట్టేసే సెట్టింగు) ఆఫ్‌లో ఉందని చూసుకుని, రెజల్యూషన్‌ని 720పీకి దించండి. అప్పుడూ ఫ్రేములు పెరగకపోతే ప్రాసెసరే అడ్డం. ఈ పరీక్షలో టాస్క్ మేనేజర్ చూపించే సీపీయూ శాతాన్ని నమ్మొద్దు. పన్నెండు థ్రెడ్ల (ఒకేసారి నడిపే పని వరుసల) చిప్పులో ఒక థ్రెడ్ పూర్తిగా నిండితే మొత్తం మీద కనిపించేది ఎనిమిది శాతమే. ఆట తాలూకు ముఖ్య థ్రెడ్ ఊపిరాడక ఉన్నా పైకి ‘25 శాతం’ అని చల్లగా కనిపిస్తుంది. ‘సీపీయూ ఖాళీగానే ఉంది, అయినా ఆట ఆగి ఆగి నడుస్తోంది’ అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే.

ఇక చిప్పుల సంగతి. కాగితం మీద రెండూ కవలలు. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, గరిష్ఠంగా 4.4 గిగాహెర్ట్జ్, 65 వాట్ల లేబుల్. అయినా ఒక్క కోర్ పరీక్షలో 12400 సుమారు 15 శాతం ముందుంటుంది. గిగాహెర్ట్జ్ చూసి వేగం చెప్పకూడదనడానికి ఇంతకన్నా మంచి జంట దొరకదు. 12400లోని గోల్డెన్ కోవ్ కోర్ ఒక్కో క్లాక్‌కి ఆరు ఇన్‌స్ట్రక్షన్ల దాకా డీకోడ్ చేయగలదు, 5600లోని జెన్ 3 నాలుగు. పూర్తికాని ఇన్‌స్ట్రక్షన్లను వరుసలో పెట్టుకునే చోటు గోల్డెన్ కోవ్‌లో 512, జెన్ 3లో 256. ఒకేసారి ఎక్కువ పని ముందేసుకుని, ఏది సిద్ధంగా ఉంటే అది చేసుకుపోతుందన్నమాట.

మరి ఆటల్లో ఆ 15 శాతం ఏమవుతుంది? క్యాష్ మింగేస్తుంది. డబ్బు కాదు, ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న, వేగమైన మెమరీ. 5600లో ఎల్3 క్యాష్ 32 ఎంబీ, 12400లో 18 ఎంబీ. ఆటల డేటా చెల్లాచెదురుగా ఉంటుంది, ర్యామ్ దాకా వెళ్లిరావడమే పెద్ద ఆలస్యం. పెద్ద క్యాష్ ఉంటే ఆ ప్రయాణాలు తగ్గుతాయి. అందుకే బలహీనమైన కోర్‌తో కూడా 5600 ఆటల్లో పక్కపక్కనే పరుగెడుతుంది. సినీబెంచ్‌లో ఇదేమీ కనబడదు. దాని పని చాలావరకు క్యాష్‌లోనే సరిపోతుంది కాబట్టి ర్యామ్‌ని పెద్దగా తాకదు. ఒకే ర్యామ్ స్టిక్ పెట్టిన పీసీ కూడా సినీబెంచ్‌లో మంచి మార్కులే తెచ్చుకుంటుంది, అదే పీసీ ఆటలో చతికిలపడుతుంది. ఎవరైనా సినీబెంచ్ స్కోరు ఒక్కటే చూపించి పీసీ అమ్ముతుంటే, 7-జిప్‌లో ఉన్న బెంచ్‌మార్క్ కూడా నడిపించమనండి. దాని కంప్రెషన్ భాగం మెమరీ ఆలస్యాన్ని బయటపెడుతుంది.

5600 కొనేవాళ్లు పేర్ల దగ్గర జాగ్రత్తగా ఉండాలి. 5500, 5600జీ, 5600 అక్కాచెల్లెళ్లలా వినిపిస్తాయి, లోపలి చిప్పు మాత్రం వేరు. 5500, 5600జీలలో ఎల్3 క్యాష్ 16 ఎంబీయే. పీసీఐఈ (గ్రాఫిక్స్ కార్డును ప్రాసెసర్‌తో కలిపే దారి) కూడా 3.0 దగ్గరే ఆగిపోయింది. క్యాష్ సగమైతే పైన చెప్పిన మేలు సగం పోయినట్టే. పీసీఐఈ సంగతి ఇంకొంచెం లోతైనది. ఆర్ఎక్స్ 6600, ఆర్‌టీఎక్స్ 4060 లాంటి కార్డులకు ఎనిమిది లేన్లే ఉంటాయి. 4.0లో ఎనిమిది లేన్లు బోలెడు. 3.0లో వాటి వెడల్పు సగం. మామూలుగా తేడా తెలియదు. ఆట టెక్స్చర్లు కార్డులోని 8 జీబీ దాటి పొంగినప్పుడు కార్డు ర్యామ్ వైపు చెయ్యి చాస్తుంది, సరిగ్గా అప్పుడు ఈ ఇరుకు దారి గుచ్చుకుంటుంది. సగటు ఫ్రేమ్‌రేట్ బాగానే ఉండి మధ్యమధ్యలో కుదుపులు వస్తాయి. నాలుగు లేన్ల ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీకి 3.0 అసలు పడదు. 5600 కొన్నా ఏ520 లేదా బీ450 బోర్డులో పెడితే అదీ 3.0కే దిగుతుంది. 4.0 కావాలంటే బీ550.

5600జీ పనికిరానిదని కాదు. గ్రాఫిక్స్ కార్డు లేకుండా ఒకటి రెండేళ్లు నెట్టుకురావాలి, చిన్న ఆటలు ఆడుకోవాలి అంటే దానిలోని వేగా గ్రాఫిక్స్ 12400లోని యూహెచ్‌డీ 730 కన్నా మెరుగు. తరువాత కార్డు కొంటాననే ఆలోచన ఉంటే మాత్రం ఆ క్యాష్ లోటు అప్పుడు వడ్డీతో వసూలవుతుంది.

ఇంటెల్ వైపు పేచీ అంతా ఒక అక్షరం దగ్గర. 12400ఎఫ్‌లో డిస్‌ప్లే ఇచ్చే గ్రాఫిక్స్ లేదు, 12400లో ఉంది. విడుదలప్పుడు అమెరికాలో వీటి మధ్య తేడా 25 డాలర్లు. ఆటలకే అయితే ఎఫ్ చాలు. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకి మాత్రం ఎఫ్ లేనిది కొనమని గట్టిగా చెబుతాను. దాంట్లోని క్విక్ సింక్ (వీడియోలను విప్పడానికే ఉన్న భాగం), కొన్ని మిర్రర్‌లెస్ కెమెరాలు ఇచ్చే 10-బిట్ 4:2:2 హెచ్‌ఈవీసీ ఫైళ్లను టైమ్‌లైన్ మీద ఆడిస్తుంది. ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌కి ముందున్న ఎన్విడియా కార్డులు ఆ ఫార్మాట్‌ని హార్డ్‌వేర్‌లో విప్పలేవు. 5600లో గ్రాఫిక్సే లేదు కాబట్టి కోర్లు నూరుశాతం మండుతూ ప్రివ్యూ ముక్కలు ముక్కలుగా వస్తుంది, లేదంటే ప్రతి క్లిప్‌కీ ప్రాక్సీ (ఎడిటింగ్ కోసం తేలికైన నకలు) చేసుకోవాలి. ఈ ఒక్క పనిలో తేడా 12 శాతమో 15 శాతమో కాదు, పని నడవడానికీ నడవకపోవడానికీ మధ్య తేడా. కార్డు పాడై సర్వీస్‌కి వెళ్లినప్పుడు తెర మీద బొమ్మ రావడం అదనపు లాభం. ఫోన్‌లో తీసిన మామూలు వీడియోలకు ఇంత అక్కర్లేదు.

బోర్డుల దగ్గర ఇంటెల్ కొంచెం మెలిక పెట్టింది. ఒకే సాకెట్ ఎల్‌జీఏ 1700లో డీడీఆర్4 బోర్డులూ ఉన్నాయి, డీడీఆర్5 బోర్డులూ ఉన్నాయి. పేరంతా ఒకేలా ఉండి చివర ‘డీ4’ అని ఉందా లేదా అన్నదే గుర్తు అయిన మోడళ్లున్నాయి. పాత ర్యామ్ వాడుకుందామని ఇంటెల్ వైపు వెళ్లి డీడీఆర్5 బోర్డు తెచ్చుకుంటే స్టిక్ గాడిలో కూర్చోనే కూర్చోదు, గాటు వేరే చోట ఉంటుంది. బలవంతంగా నొక్కొద్దు. ఇక హెచ్610 బోర్డు చవక. ర్యామ్ స్లాట్లు రెండే, వేగం 3200 దాటదు, ఎస్ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాట్ చిప్‌సెట్ మీదుగా 3.0లో నడుస్తుంది. 12400కి ఇవేవీ పెద్ద లోపాలు కావు. లోపం ఎక్కడంటే, కొన్ని చవక బోర్డులు 65 వాట్ల పరిమితిని అక్షరాలా పాటిస్తాయి. కాసేపు పైకి వెళ్లనిచ్చి, తరువాత పీఎల్1 (ఎక్కువసేపు వాడుకోనిచ్చే వాట్ల పరిమితి) దగ్గరికి లాగేస్తాయి. 12400కి అన్ని కోర్లూ పనిచేస్తున్నప్పుడు 70 వాట్ల చుట్టూ కావాలి కాబట్టి తగ్గేది కొంచెమే. రేపు అదే బోర్డులో ఐ7 పెడదామనుకుంటే మాత్రం అక్కడ దెబ్బ గట్టిగా తగులుతుంది. అలాంటి ఆలోచన ఉంటే వోల్టేజ్ సర్క్యూట్ మీద హీట్‌సింక్ ఉన్న బీ660 లేదా బీ760 చూడాలి.

రేపటి మాట వచ్చింది కాబట్టి చెప్పుకుందాం. 5600 కూర్చునే సాకెట్ ఏఎం4లో పైకెళ్లే మెట్లలో ఆటలకు మంచివి 5700ఎక్స్3డీ, 5800ఎక్స్3డీ. ఎల్3 96 ఎంబీ. కొత్తవి దొరకడం తగ్గిపోయింది, దొరికినచోట రేటు మండుతుంది. ఎల్‌జీఏ 1700లో 13, 14వ తరం చిప్పులు ఇంకా ఎన్నో ఉన్నాయి. అయితే ఆ తరాల్లోని పెద్ద చిప్పులకు వోల్టేజ్ ఎక్కువై అరిగిపోయే జబ్బు బయటపడి, 2024లో ఇంటెల్ మైక్రోకోడ్ మందు వేసింది. ఆ మందు జబ్బు రాకుండా ఆపుతుంది గానీ అప్పటికే దెబ్బతిన్న చిప్పును బాగుచేయదు. అందుకని సెకండ్ హ్యాండ్ ఐ9, ఐ7ల జోలికి వెళ్లేటప్పుడు ఆలోచించాలి. 12400కి ఈ గొడవ లేదు. నన్నడిగితే ‘రేపు అప్‌గ్రేడ్ చేస్తాను’ అన్న మాటకి ఇవాళ వెయ్యి రూపాయలకు మించి చెల్లించడం దండగ. ఆ రేపు వచ్చేసరికి చాలామంది బోర్డే మార్చేస్తారు.

కరెంటు బిల్లు గురించి జనం అనవసరంగా బెంగపడతారు. 5600 చిప్‌లెట్ల (చిన్న చిప్పు ముక్కలు కలిపిన) డిజైన్ వల్ల ఖాళీగా ఉన్నప్పుడు కొంచెం ఎక్కువ తాగుతుంది. తేడా ఏకంగా 20 వాట్లు అని ఎక్కువే వేసుకుందాం. రోజుకి ఎనిమిది గంటలు, ఏడాదికి 300 రోజులు వాడితే 48 యూనిట్లు. యూనిట్ ఎనిమిది రూపాయలైతే 384. వదిలేయండి.

బెంగపడాల్సింది ఎండాకాలం గురించి. 5600కి ఉష్ణోగ్రత హద్దు 90 డిగ్రీలు, 12400కి 100. డబ్బాతో వచ్చే కూలర్లు చలికాలంలో సరిపోతాయి. మే నెలలో ఏసీ లేని గదిలో 40 డిగ్రీలున్నప్పుడు గాలి వేడిగా లోపలికి వెళ్లి ఇంకా వేడిగా బయటికొస్తుంది, 5600 తన హద్దు దగ్గరికి తొందరగా చేరుతుంది. అప్పుడు క్లాక్ తగ్గించుకుంటుంది, ఫ్యాన్ మాత్రం రొద పెడుతుంది. బయోస్‌లో (పీసీ ఆన్ కాగానే బోర్డు నడిపే ప్రోగ్రామ్, దాని సెట్టింగుల్లో) 45 వాట్ల ఎకో మోడ్ పెడితే ఆటల్లో తేడా తెలియదు, వేడి బాగా దిగుతుంది. ఒక్క పైసా ఖర్చు లేని పని. ఇంటెల్ డబ్బా కూలర్‌లో సమస్య వేరు. నాలుగు మూలలా నొక్కే ప్లాస్టిక్ పిన్నుల్లో ఒకటి సగమే దిగితే కూలర్ ఒక పక్కకు లేచి, పని మొదలెట్టిన సెకన్లలో 100 తాకుతుంది. ఎదురెదురు మూలలు జతగా నొక్కాలి, ప్రతిదానికీ టక్‌మని వినబడాలి, బోర్డు వెనక్కి తిప్పి నాలుగు పిన్నుల నల్లటి మొనలూ పూర్తిగా బయటికొచ్చాయా చూడాలి.

పాత ఏఎం4 బోర్డులో 5600 వేసుకునేవాళ్లకు వరుస ముఖ్యం, ఎక్కువమంది ఇక్కడే ఇరుక్కుంటారు. బోర్డు కంపెనీ సైట్‌లో సీపీయూ సపోర్ట్ లిస్ట్ తెరిచి, 5600 ఎదురుగా ఏ బయోస్ వెర్షన్ రాసి ఉందో చూడండి. పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయాలి. కొత్తది పెట్టాక చేద్దామంటే, బోర్డు మీద ఫ్లాష్‌బ్యాక్ బటన్ (ప్రాసెసర్ పనిచేయకపోయినా బయోస్ మార్చేది) లేకపోతే తెరే వెలగదు. ఫ్యాట్32గా ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్, వెనక యూపీఎస్ ఉండాలి. మధ్యలో కరెంటు పోతే బోర్డు చచ్చినట్టే. బీ550 బోర్డు కొత్తగా కొన్నా బయోస్ ఒకసారి అప్‌డేట్ చేయడం మంచిది. ఎఫ్‌టీపీఎం (ఎన్‌క్రిప్షన్ తాళాలు దాచే, ప్రాసెసర్‌లోని భద్రతా భాగం) వల్ల విండోస్‌లో అప్పుడప్పుడు వచ్చే క్షణకాలపు కుదుపు 2022 బయోస్‌లతోనే పోయింది, అంతకుముందు స్టాకులో అది ఉంటుంది.

అన్నిటికన్నా ముందు, చాలామంది మరిచిపోయేది ఇది: డ్రైవ్‌కి బిట్‌లాకర్ (విండోస్ వేసే ఎన్‌క్రిప్షన్ తాళం) ఉందేమో చూసుకుని రికవరీ కీ రాసిపెట్టుకోవాలి. విండోస్ 11లో అడక్కుండానే ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉండొచ్చు. ప్రాసెసర్ మార్చగానే ఎఫ్‌టీపీఎం మారిందని బయోస్ నల్లటి తెర మీద వై, ఎన్ అడుగుతుంది. వై నొక్కాక ఆ కీ లేకపోతే మీ ఫైళ్లు మీకే తెరుచుకోవు.

తరువాత పీసీని పావుగంట నడిపించి, కూలర్ కింది పేస్టు మెత్తబడ్డాక ఆపేసి, ప్లగ్ పీకి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పి వదులు చేసి తీయండి. చల్లగా ఉండగా నిలువుగా లాగితే ప్రాసెసర్ కూడా పేస్టుకి అంటుకుని సాకెట్‌లోంచి ఊడొస్తుంది. ఏఎం4లో 1331 పిన్నులూ చిప్పుకే ఉంటాయి, ఒకటి వంగినా తలనొప్పి. ఇంటెల్‌లో పిన్నులు బోర్డు సాకెట్‌లో ఉంటాయి కాబట్టి అక్కడ భయం చిప్పుకి కాదు, బోర్డుకి. సాకెట్ మీద చిప్పు జారవిడిచారంటే వారంటీ అడగడానికి ముఖం చెల్లదు.

ఇంతకీ ఏది కొనాలి? ఏఎం4 బోర్డు చేతిలో ఉంటే 5600, ఆలోచించే పనే లేదు. అంతా కొత్తగా, ఆటల కోసం కొంటుంటే రెండు చిప్పులు, వాటికి తగ్గ రెండు బోర్డులు కలిపి ఏ జత తక్కువైతే అది. మిగిలింది గ్రాఫిక్స్ కార్డులో పెట్టండి. కోడ్ కంపైల్, ఎడిటింగ్, ఆఫీసు పని అయితే ఎఫ్ లేని 12400, దాని మీద రెండువేలు ఎక్కువైనా సరే. ట్రే పీస్ (డబ్బా, కూలర్ లేకుండా విడిగా వచ్చే చిప్పు) అని వెయ్యి తగ్గించి ఇస్తామంటే కూలర్ ధర కలిపి చూడండి. డబ్బా పీస్‌కి కంపెనీ మూడేళ్ల వారంటీ ఉంటుంది, ట్రే పీస్‌కి అమ్మినవాడే దిక్కు. బిల్లు మీద మోడల్ పేరు చివరి అక్షరంతో సహా రాయించుకోండి.

పీసీ బిగించాక చేయాల్సిన పని ఒకటుంది, రెండు చిప్పులకీ ఒకటే. ర్యామ్ స్టిక్కులు రెండు ఉండి, స్లాట్లు నాలుగుంటే ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయాలి, బయోస్ అప్‌డేట్ తరువాత అది మళ్లీ ఆఫ్ అవుతుంది. విండోస్‌లోకి వచ్చాక సీపీయూ-జెడ్ తెరిచి మెమరీ ట్యాబ్ చూడండి. 3200 ర్యామ్‌కి అక్కడ 1600 దగ్గర కనిపించాలి, ఎందుకంటే అది అసలు క్లాక్‌ని చూపిస్తుంది. 5600కి 3600 ర్యామ్ పెడితే 1800, అక్కడిదాకా ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ (ఏఎండీ చిప్పు లోపలి భాగాలను కలిపే దారి) దానితో సమానంగా నడుస్తుంది. ఇంకా పైకి వెళితే చాలా చిప్పుల్లో జత తప్పి నష్టమే. 1066, 1333 లాంటి అంకె కనిపించినా, ఛానెల్ దగ్గర ఒకటే ఉన్నా మళ్లీ బయోస్‌కి వెళ్లాలి, స్టిక్కులు సర్దాలి. ఈ రెండు ప్రాసెసర్ల మధ్య ఆటల్లో ఉన్న తేడా కన్నా, ఒక స్టిక్‌కీ రెండు స్టిక్కులకీ మధ్య తేడా ఎక్కువ.